పైల్స్ అని రాసే ముందు ఒక్క నిమిషం: ఫ్యామిలీ డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకు నమస్కారం.

ఈ ఉత్తరం ఏ ఒక్క డాక్టర్‌ గారికో రాస్తున్నది కాదు. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, రాత్రి నిద్ర పట్టకపోయినా మేం ముందుగా వచ్చి కూర్చునేది మీ ముందే కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను. క్యాన్సర్ స్పెషలిస్టుల దగ్గరికి వెళ్లేసరికి మాకు జబ్బు పేరు తెలిసే ఉంటుంది. పేరు తెలియని రోజుల్లో మమ్మల్ని చూసేది మీరు.

నా దగ్గర మా అన్నయ్య ఫైలు ఉంది. నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు, అంచులు చిరిగిపోయాయి. మొదటి కాగితం నుంచి తిరగేస్తే ఆరు మందుల చీటీలు వస్తాయి, ఆరింటిలోనూ ఒకటే మాట, పైల్స్. ఒకదాంట్లో ఆ మాట పక్కన ప్రశ్నార్థకం కూడా ఉంది. అంటే ఆ డాక్టర్ గారికి అనుమానం వచ్చింది, కానీ అనుమానం తీర్చుకోవడానికి ఏ పరీక్షా రాయలేదు. ఆరు చీటీలు, ముగ్గురు డాక్టర్లు, 14 నెలలు. ఈ 14 నెలల్లో ఒక్కరు కూడా చేతికి గ్లవ్ వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్ష చేయలేదు. ఏడో కాగితం కొలనోస్కోపీ రిపోర్టు, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్షది. ఎనిమిదోది బయాప్సీ రిపోర్టు, లోపలి నుంచి తీసిన చిన్న ముక్కని పరీక్షించి ఇచ్చినది.

అప్పటికి అన్నయ్యకి 45 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ 3, అంటే పక్కనున్న లింఫ్ గ్రంథులకి పాకిన దశ.

నేను డాక్టర్‌ని కాదు. అన్నయ్య జబ్బు పడ్డాక రాత్రిళ్లు కూర్చుని చదువుకున్నదాన్ని, ఆపరేషన్ చేసిన సర్జన్ గారినీ కీమో ఇచ్చిన డాక్టర్ గారినీ విసిగించి మరీ అడిగి తెలుసుకున్నదాన్ని. ఈ జబ్బు ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో చెప్పే విషయాలు చాలావరకు స్కానింగులో కనిపించేవి కావని, నోటితో అడిగితే తెలిసేవేనని నాకు అలా అర్థమైంది. ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, సిగరెట్ తాగుతారా, మందు ఎంత తాగుతారు, రోజంతా కూర్చునే పనేనా, నడుము చుట్టుకొలత పెరుగుతోందా, షుగర్ ఉందా, ఏం తింటారు, మోషన్ ఎలా అవుతోంది? ఇవన్నీ అడగడానికి మహా అయితే అయిదు నిమిషాలు. అన్నయ్యని 14 నెలల్లో ఎవరూ అడగలేదు.

అడిగితే ఏం తెలిసేదో చెప్తాను.

అన్నయ్య ఇరవై ఏళ్లుగా సిగరెట్ తాగేవాడు. పని అంతా కుర్చీలోనే, రోజుకు పది పదకొండు గంటలు. పదేళ్లలో బెల్టుకి మూడు కొత్త రంధ్రాలు కొట్టించుకున్నాడు. వండుకునే తీరిక లేక ప్యాకెట్ తెరిచి వేడి చేసుకునే మాంసం వారంలో నాలుగైదు రోజులు తినేవాడు. శని ఆదివారాల్లో మందు, అది కూడా కొంచెం ఎక్కువగానే. షుగర్ బోర్డర్‌లో ఉందని ఎప్పుడో రిపోర్టులో వచ్చింది, దాన్ని మా ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఇన్ని ఉన్న మనిషి వచ్చి మోషన్‌లో రక్తం పడుతోందంటే, పైల్స్ అనే మాట రాయడానికి ముందు చెయ్యి కాస్త ఆగాలి కదండీ.

రక్తం గురించి చెప్పిన తీరు కూడా మీకు తెలియాలి. మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన వదిన ఉంది, ఆవిడే తర్వాత చెప్పింది. నీరసంగా ఉంటోందని చెప్పి వెళ్లాడు. బీపీ చూశారు, గుండె విన్నారు, విటమిన్ మాత్రలు రాశారు. లేచి తలుపు దాకా వెళ్లి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరగకుండానే "అప్పుడప్పుడూ మోషన్‌లో కొంచెం రక్తం పడుతోందండీ" అన్నాడట. "పైల్స్ అయ్యుంటాయి, నీళ్లు బాగా తాగండి" అని జవాబు వచ్చింది. అక్కడితో అయిపోయింది. బయట తర్వాతి పేషెంటు పేరు పిలిచేశారు. మా అన్నయ్య ఆ ఒక్క మాట చెప్పడానికి మూడు వారాలు కూడదీసుకున్నాడు డాక్టర్ గారూ. మలం గురించి మాట్లాడాలంటే మేం సిగ్గుతో చచ్చిపోతాం, కట్టుకున్న భార్యతో కూడా చెప్పుకోలేం. మేం తలుపు దగ్గర చెప్పే మాటే చాలాసార్లు మేం వచ్చిన అసలు కారణం. ఆ మాట విన్నప్పుడు దయచేసి మళ్లీ కూర్చోబెట్టండి.

రక్తం కనిపిస్తే క్యాన్సరేనని నేను అనడం లేదు. ఎక్కువమందిలో అది మొలల వల్లో, మలద్వారం దగ్గర చిన్న పగులు వల్లో వచ్చేదే, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అయితే మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదనే నియమం ఏమీ లేదు, రెండూ కలిసి ఉండొచ్చు. మొలలు ఉన్నాయో లేవో చూడకుండానే ఉన్నాయని రాయడం, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో డాక్టర్ గారు రక్తపరీక్ష చేయించారు, ఆయనకి ఆ విషయంలో రుణపడి ఉన్నాం. హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. మగవాళ్లకి కనీసం 13 ఉండాలి కదా. ఐరన్ తక్కువగా ఉందని కూడా తేలింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నాక మలం నల్లగా మారింది, అది ఆ మాత్రల వల్ల మామూలుగా జరిగేదే. కానీ దానివల్ల రక్తం పడుతోందో లేదో అన్నయ్యకి తెలియకుండా పోయింది. ఆగిపోయిందనుకున్నాడు. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 10.4 అయింది, అందరం సంతోషించాం. మగవాడికి ఐరన్ ఎందుకు తగ్గింది, ఆ రక్తం ఎటు పోతోంది అని ఎవరూ వెతకలేదు. మగవాళ్లలో గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ ఐరన్ లోపం వల్ల రక్తహీనత వస్తే పేగుల్లోకి చూడాలని వైద్య మార్గదర్శకాల్లోనే ఉందని తర్వాత చదివాను. ముఖ్యంగా పెద్దపేగు కుడివైపు వచ్చే గడ్డలు చాలాకాలం నొప్పి పెట్టవట, రక్తం కంటికి కనిపించదట, మనిషి పాలిపోవడం ఒక్కటే బయటికి తెలిసే గుర్తు అవుతుందట. నెలసరి ఉన్న ఆడవాళ్లలో అయితే ఆ గుర్తు కూడా నెలసరి ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఆడదానిగా ఆ విషయం నన్ను చాలా భయపెట్టింది.

2023లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 50 ఏళ్లలోపు ఈ క్యాన్సర్ వచ్చిన 5 వేలమందికి పైగా మనుషుల రికార్డులు తీసి, జబ్బు తేలడానికి మూడు నెలల నుంచి రెండేళ్ల ముందు వరకు వాళ్లు డాక్టర్ల దగ్గర ఏమేం చెప్పుకున్నారో చూశారు. నాలుగు విషయాలు బయటపడ్డాయి: కడుపునొప్పి, మలంలో రక్తం, విరేచనాలు, ఐరన్ లోపం వల్ల రక్తహీనత. ఒకటి ఉంటే ముప్పు దాదాపు రెట్టింపు, రెండు ఉంటే మూడున్నర రెట్లు, మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆరు రెట్లు దాటింది. అన్నయ్యకి ఇందులో రెండు ఉన్నాయి, కాకపోతే ఒకటి ఒక డాక్టర్ గారి చీటీలో, ఇంకోటి ఇంకో డాక్టర్ గారి చీటీలో. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. ఎవరూ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు, మేం కూడా చూడలేదు.

"ఈ వయసులో క్యాన్సరేంటండీ" అని మూడో డాక్టర్ గారు అన్నారు. ధైర్యం చెప్పడానికే అన్నారు, ఆ మాట మాకు అప్పుడు తేనెలా అనిపించింది. ఇది వయసు మీద పడ్డవాళ్ల జబ్బని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు, ఎక్కువ కేసులు 50 దాటినవాళ్లలోనే వస్తాయి కాబట్టి అందులో కొంత నిజం ఉంది. కానీ అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లని 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో, ఒకే వయసు దగ్గర పోల్చి చూస్తే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉందని 2017లో లెక్క తేలింది. అందుకే అక్కడ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో, ప్రభుత్వానికి సలహాలిచ్చే నిపుణుల బృందం 2021లో, మామూలు ముప్పు ఉన్నవాళ్లకి కూడా పరీక్షలు మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి దించాయి. సినీ నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో 43 ఏళ్లకే ఈ జబ్బుతో పోయాడు. 2016లో జబ్బు బయటపడేసరికి ఆయనకీ స్టేజ్ 3.

ప్రపంచం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలో సుమారు 19 లక్షలమందికి ఇది కొత్తగా వచ్చింది, 9 లక్షలమందికి పైగా చనిపోయారు. కేసుల సంఖ్యలో అన్ని క్యాన్సర్లలో మూడోది, చావుల్లో రెండోది. ఇంత పెద్ద జబ్బు గురించి మన ఓపీ గదుల్లో ఇంత తక్కువ మాట్లాడుకుంటామేంటో నాకు అర్థం కాదు.

అలవాట్ల గురించి కూడా మీరు మాతో వివరంగా మాట్లాడాలి. "హెల్తీగా తినండి, వాకింగ్ చేయండి" అనే మాట మా చెవులు దాటి లోపలికి వెళ్లదు. ఎందుకో చెప్తే వెళ్తుంది. మాంసం సంగతే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే ఉప్పు పట్టించి, పొగ పెట్టి, నిల్వ ఉండే రసాయనాలు కలిపి తయారు చేసినదాన్ని, గ్రూప్ 1లో పెట్టింది. పొగాకు ఉన్న గ్రూపు. ఇది వినగానే జనం రెండు రకాలుగా మాట్లాడారు, సిగరెట్‌తో సమానమని కొందరు, అంతా అబద్ధమని కొందరు. ఆ గ్రూపు చెప్పేది క్యాన్సర్ కలిగిస్తుందనడానికి రుజువు ఎంత గట్టిగా ఉందన్న సంగతి, ప్రమాదం ఎంత పెద్దదన్న సంగతి కాదు. ప్రమాదం లెక్క విడిగా ఉంది: రోజూ తినే ప్రతి 50 గ్రాములకి ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. 18 శాతం అంటే వందలో 18 మందికి వస్తుందని అర్థం కాదు. వందమందిలో అయిదుగురికి వచ్చేదనుకుంటే, దాదాపు ఆరుగురికి వస్తుంది. అలా చెప్తే మాకు భయం పట్టుకోదు, అలాగని తీసిపారేయాలనీ అనిపించదు. ఎప్పుడో ఒకసారి తిన్నదానికి కంగారు పడక్కర్లేదని, రోజూ తినేదాన్నే తగ్గించుకోవాలని అర్థమవుతుంది. రెడ్ మీట్‌ని అప్పుడే గ్రూప్ 2ఏలో పెట్టారు, అంటే బహుశా కారణం కావచ్చని.

పీచు పదార్థం గురించి కూడా అంతే. "ఫైబర్ తింటే మోషన్ ఫ్రీగా అవుతుంది" అని మాత్రమే మాకు చెప్తారు. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా ఆ పీచుని తిని బ్యూటిరేట్ అనే పదార్థం తయారు చేస్తుందని, పేగు లోపలి పొరకి అదే ఆహారమని, పేగు లోపలి మంటని, అంటే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేదాన్ని, తగ్గించేది కూడా అదేనని నేను 39 ఏళ్ల వయసులో తెలుసుకున్నాను. 2015లో వచ్చిన ఒక ప్రయోగం నన్ను కట్టిపడేసింది. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లు 20 మంది, అది చాలా అరుదుగా ఉన్న దక్షిణాఫ్రికా పల్లెవాళ్లు 20 మంది, రెండు వారాల పాటు ఒకరి తిండి ఒకరు తిన్నారు. అమెరికావాళ్లకి పీచు బాగా పెరిగి కొవ్వు తగ్గింది, దక్షిణాఫ్రికా పల్లెవాళ్లకి సరిగ్గా తలకిందులైంది. ఆ రెండు వారాల్లోనే పేగు లోపలి మంట, కణాలు పెరిగే వేగం, బ్యూటిరేట్ అన్నీ మారిపోయాయి, పీచు పెరిగినవాళ్లలో మంచికి, తగ్గినవాళ్లలో చెడుకి. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు, అది నిజమే. కానీ నిన్న మొన్నటి తిండికే పేగు ఇంతగా స్పందిస్తుందని తెలిస్తే ఇప్పుడు మారితే ఏం లాభంలే అని ఎవరూ అనుకోరు. 25 పెద్ద అధ్యయనాలని కలిపి 2011లో వేసిన లెక్కలో రోజుకు 10 గ్రాముల పీచు ఎక్కువ తిన్నవాళ్లకి ముప్పు పది శాతం దాకా తక్కువగా ఉంది. పొట్టు తీయని ధాన్యాలు, పప్పుధాన్యాలు, కూరగాయలు, పళ్లు, ఇవి ఎక్కడైనా దొరికేవే.

మందు, సిగరెట్ విషయంలో ఒక సంగతి. సిగరెట్ అంటే ఊపిరితిత్తులు, మందు అంటే లివర్, మాకు తెలిసింది ఇంతే. పొగాకు వల్ల పెద్దపేగు క్యాన్సర్ వస్తుందని, పాలిప్‌లు, అంటే పేగు లోపలి పొర మీద పుట్టే బుడిపెలు కూడా ఎక్కువవుతాయని అన్నయ్యకి ఆపరేషన్ అయ్యేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆల్కహాల్ కూడా అంతే, శరీరంలో అది ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి డీఎన్ఏని దెబ్బతీస్తుంది, రోజుకు రెండు మూడు డ్రింకులు తాగేవాళ్లలో ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. లివర్ రిపోర్టు నార్మల్ వచ్చిందని అన్నయ్య ధీమాగా ఉండేవాడు. ఆ ధీమా తప్పని చెప్పేవాళ్లు లేకపోయారు.

బరువు దగ్గర ముఖ్యంగా చూడాల్సింది పొట్ట. నడుం చుట్టూ చేరిన కొవ్వు ఇన్సులిన్‌ని పెంచుతుంది, లోపల సన్నటి మంటని ఏళ్ల తరబడి ఉంచుతుంది, కణాలని పెరగమని తోస్తూ ఉంటుంది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ కావడానికి కూడా కొంతవరకు ఇదే కారణం. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగు జబ్బులు ఉన్నవాళ్ల సంగతి వేరు, జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటితే వాళ్లని క్రమం తప్పకుండా కొలనోస్కోపీతో చూస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక విన్నపం. ఇవన్నీ మాతో మాట్లాడేటప్పుడు మమ్మల్ని తిట్టకండి. అన్నయ్యకి జబ్బని తెలిశాక చూడటానికి వచ్చిన ఒక డాక్టర్ గారు, మాకు తెలిసినవారే, "సిగరెట్లు తాగితే ఇంతే మరి" అన్నారు. అన్నయ్య తల దించుకుని దుప్పటి అంచు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఎవరొచ్చినా మాట్లాడలేదు. పక్క బెడ్ మీద ఉన్నావిడ జీవితంలో సిగరెట్, మందు ముట్టలేదు, మాంసం తినలేదు, సన్నగా ఉంటుంది, ఆవిడకీ అదే జబ్బు. అలవాట్లు ముప్పుని పెంచుతాయి, తగ్గిస్తాయి, కానీ ఫలానా మనిషికి ఫలానా కారణం వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. తిట్టు పడుతుందని తెలిస్తే మేం అబద్ధం చెప్తాం. వారానికి నాలుగు పెగ్గులని చెప్తాం, సిగరెట్ మానేశానని చెప్తాం. మీ ప్రశ్నకి నిజమైన జవాబు రావాలంటే అడిగే గొంతు మెత్తగా ఉండాలి.

ఇంటి చరిత్ర గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పెథాలజిస్టు, అంటే శరీరంలోంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టర్, ఉండేవాడు. ఆయన ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు దిగులుగా కనిపిస్తే ఏమైందని అడిగాడు. మా ఇంట్లో అందరూ కడుపు క్యాన్సర్‌తోనో, పేగు క్యాన్సర్‌తోనో, గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారు, నేనూ అలాగే పోతాను అందావిడ. వార్తిన్ ఆ మాట కొట్టిపారేయలేదు. వాళ్ల కుటుంబ వృక్షం గీయడం మొదలుపెట్టాడు, 1913లో అచ్చువేశాడు. ఆవిడ నిజంగానే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. తర్వాత 1960లలో హెన్రీ లించ్ అనే డాక్టర్ అలాంటి కుటుంబాల మీద పనిచేశాడు, 1990లలో దానికి కారణమైన జన్యువులు దొరికాయి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే ఆ జన్యులోపాన్ని ఇవాళ లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ముగ్గురికి అదే కారణం. ఒక డాక్టర్ ఒకావిడని ఎందుకు దిగులుగా ఉన్నావమ్మా అని అడిగి, చెప్పింది విని, రాసి పెట్టుకోవడంతో ఇదంతా మొదలైంది. ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను.

సిండ్రోమ్ ఏదీ లేకపోయినా, అమ్మా నాన్నల్లోనో తోబుట్టువుల్లోనో బిడ్డల్లోనో ఒకరికి వస్తే మిగతావాళ్లకి ముప్పు దాదాపు రెట్టింపు. అలాంటివాళ్లు 40 ఏళ్లకి గానీ, ఇంట్లో జబ్బు వచ్చినవాళ్లకి ఏ వయసులో తేలిందో దానికి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. ఈ ఒక్క వాక్యం నాకు ఎవరు చెప్పారో తెలుసా? అన్నయ్యకి ఆపరేషన్ చేసిన సర్జన్ గారు. డిశ్చార్జి రోజు కాగితాల మీద సంతకం పెడుతూ "మీకు తోబుట్టువులెంతమంది? మీ వయసెంత?" అని అడిగారు. 39 అన్నాను. "మీ అన్నయ్యకి 45కి వచ్చింది, అంటే మీరు 35కే చేయించుకోవాల్సింది, వచ్చేవారమే రండి" అన్నారు.

వెళ్లాను. ముందు రోజు మందు కలిపిన నీళ్లు తాగి రాత్రంతా టాయిలెట్ చుట్టూ తిరగడం కష్టమే, అదొక్కటే కష్టం. పరీక్షకి మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది. 12 మిల్లీమీటర్ల పాలిప్ దొరికింది, అక్కడికక్కడే తీసేశారు. బయాప్సీలో అడినోమా అని వచ్చింది, అంటే క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే కావడానికి అవకాశం ఉన్న రకం. నాకు నొప్పి లేదు, రక్తం పడలేదు, హిమోగ్లోబిన్ బాగుంది. మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు.

అలాంటి పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్లు అటూ ఇటూ పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు ఎక్కువ లేవు. అన్నయ్య పేగులో కూడా ఒకప్పుడు ఇలాంటిదే ఒకటి ఉండి ఉంటుంది, కిందటి పదేళ్లలో అతను మీలో ఎవరో ఒకరి దగ్గరికి కనీసం ముప్పైసార్లు వచ్చి ఉంటాడు, జలుబుకీ నడుం నొప్పికీ. అమెరికా లెక్కల్లో ఈ జబ్బు పేగు దాటకుండా దొరికితే అయిదేళ్ల తర్వాత వందలో 90 మంది దాకా బతికుంటున్నారు, దూరంగా ఉన్న అవయవాలకి పాకాక దొరికితే 15 మంది దరిదాపు. కొలనోస్కోపీ అందరికీ కుదరకపోవచ్చు, భయపడేవాళ్లుంటారు, సదుపాయం లేని చోట్లుంటాయి. ఏ లక్షణాలూ లేని మామూలు ముప్పు ఉన్నవాళ్లకి ఏడాదికోసారి మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ అనే పరీక్ష ఉంది, ఇంట్లోనే చిన్న నమూనా తీసి ఇస్తే చాలు. అది పాజిటివ్ వస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదు, మళ్లీ ఫిట్ చేసి చూద్దామని ఆపకూడదు. హెల్త్ చెకప్ అని గుండెకీ కిడ్నీకీ థైరాయిడ్‌కీ అన్నీ రాస్తారు కదా, 45 దాటినవాళ్లకి ఇది కూడా రాయండి.

అన్నయ్య కీమో ఆరు నెలలు సాగింది. ఆ మందు వల్ల చల్లటి వస్తువు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉండేది. స్టీలు గ్లాసుని టవల్ చుట్టి పట్టుకునేవాడు. ఫ్రిజ్ తలుపు తీయాలంటే చిన్నదాన్ని పిలిచేవాడు, అది ఏమీ అనకుండా వచ్చి తీసి ఇచ్చేది. వేళ్ల చివర్ల తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి టైమ్ పడుతుంది. సిగరెట్ మానేశాడు. రోజూ నడుస్తున్నాడు, ఆ నడక కూడా ఊరికే మొదలుపెట్టింది కాదు: ఆపరేషన్, కీమో అయిన పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లు 889 మందిని తీసుకుని సగంమందితో మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి, ఎనిమిదేళ్ల తర్వాత వ్యాయామం చేసినవాళ్లలో వందకి 90 మంది, చేయనివాళ్లలో 83 మంది బతికున్నారు. ఆ సంగతి చదివి వినిపించాక నన్ను వెంటబెట్టుకుని నడుస్తున్నాడు. ఇప్పటికి మూడేళ్లయింది, స్కాన్లు బాగున్నాయి.

మిమ్మల్ని నిందించడానికి ఇదంతా రాయలేదు. మీ గదుల బయట ఎంతమంది కూర్చుని ఉంటారో చూస్తూనే ఉన్నాను, ఒక్కొక్కరికీ మీరు ఎంతసేపు ఇవ్వగలరో తెలుసు. అందుకే పెద్ద పరీక్షలేమీ అడగడం లేదు. మోషన్ ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, ఈ రెండు ప్రశ్నలైనా బీపీ చూసినంత మామూలుగా అందరినీ అడగండి. మాకు చెప్పుకోవడానికి సిగ్గయితే కాగితం మీద అచ్చువేసి బయట కూర్చున్నప్పుడే ఇచ్చేయండి, టిక్ పెట్టి తెస్తాం. రక్తం అంటే ఒకసారి గ్లవ్ వేసుకోండి. ఐరన్ మాత్ర రాసేటప్పుడు ఆ ఐరన్ ఎందుకు తగ్గిందో వెతకడానికి కూడా ఒక కాగితం రాయండి.

మా అన్నయ్య పిల్లలిద్దరూ ఇప్పుడు టీనేజ్‌లో ఉన్నారు. వాళ్లకి విడిగా చెరో ఫైలు కొన్నాను, నీలం రంగువే. రెండింటిలోనూ మొదటి పేజీ మీద స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాల్లో రాశాను: నాన్నకి పెద్దపేగు క్యాన్సర్, 45 ఏళ్లకి. అత్తకి 39 ఏళ్లకి అడినోమా. 35కి కొలనోస్కోపీ, ఈలోపు రక్తం కనిపిస్తే వెంటనే. జలుబని మీ దగ్గరికి వచ్చినా ఆ ఫైలు పట్టుకునే వస్తారు. మొదటి పేజీ చూడండి డాక్టర్ గారూ.

ఇట్లు,
ఒక పేషెంటు చెల్లెలు